పోక్సో కేసులో కోర్టు సాక్ష్యాన్ని ఎలా తూస్తుంది? కర్నూలు జిల్లా తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు కోర్టు ఆవరణలోనూ పెద్దాసుపత్రి వరండాలోనూ ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల గురించి నన్ను అడిగే ప్రశ్నలివి. నేను న్యాయవాదిని. బాధిత పిల్లల కుటుంబాల తరఫున నిలబడి పబ్లిక్ ప్రాసిక్యూటరుకు (పీపీ, అంటే ప్రభుత్వ లాయరు) సాయంగా పనిచేస్తుంటాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ కేసుల బలం చాలావరకు కోర్టు మెట్లెక్కకముందే తేలిపోతుంది. పిల్ల మొదటిసారి నోరు విప్పిన రోజు ఇంట్లోవాళ్లు ఏం చేశారు, ఊళ్లో ఎవరు జోక్యం చేసుకున్నారు, ఆ మాటను ఎవరెవరు తిప్పి రాశారు అన్నదే తర్వాత తీర్పులో కనిపిస్తుంది. అందుకే కింది జవాబుల్లో చట్టంతో పాటు ఇంటి సంగతులూ ఉంటాయి.

కొత్త చట్టాలు 2024 జూలై 1 నుంచి వచ్చాయి. సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ, ఇక్కడ చెప్పుకొనే సూత్రాలు దాదాపు పాతవే. పోక్సో చట్టం మాత్రం 2012 నాటిదే, 2019 సవరణతో అమల్లో ఉంది.

చూసినవాళ్లు ఎవరూ లేరు. పిల్ల మాట ఒక్కటే ఉంది. కేసు నిలబడుతుందా?

నిలబడుతుంది. ఇలాంటి నేరాన్ని ఎవడూ నలుగురి ముందు చెయ్యడు. ఆ సంగతి కోర్టులకు తెలుసు. ఒక విషయం రుజువు కావాలంటే ఇంతమంది సాక్షులుండాలని మన సాక్ష్య చట్టంలో ఎక్కడా లేదు. 1996లో పంజాబ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తేటగా చెప్పింది: బాధితురాలి సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే దానికి మరొకరి సాక్ష్యం తోడు కావాలని పట్టుబట్టనక్కర్లేదు, ఆమెను నేరంలో భాగస్వామిని చూసినట్టు అనుమానంతో చూడకూడదు.

అయితే "నమ్మదగ్గదిగా ఉంటే" అన్న షరతులోనే కేసంతా ఉంది. 1957లో మద్రాసు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా విడదీసింది. పూర్తిగా నమ్మదగినవాళ్లు, అసలు నమ్మలేనివాళ్లు, ఈ రెంటికీ మధ్యనున్నవాళ్లు. మొదటి రకం సాక్షి ఒక్కరున్నా చాలు. రెండో రకంవాళ్లు పదిమంది ఉన్నా లాభం లేదు. చిక్కంతా మూడో రకంతోనే. అప్పుడు కోర్టు ఆ మాటకు ఊతమిచ్చే మరో ఆధారం కోసం వెతుకుతుంది. డాక్టరు రిపోర్టు కావచ్చు, పిల్ల ఆ పూటే తల్లికి చెప్పిన మాట కావచ్చు, సంఘటన తర్వాత బడికి పోనని మొండికేసిన సంగతి టీచరు చెప్పడం కావచ్చు.

2012లో ఢిల్లీ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, ఏ సాక్షి మాట మీద మాత్రమే ఆధారపడి శిక్ష వెయ్యొచ్చో వివరించింది. మొదటి ఫిర్యాదు నుంచి కోర్టులో సాక్ష్యం దాకా కథ ఒక్కటిగా ఉండాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి లాయరు ఎంత గుచ్చి అడిగినా అసలు విషయం చెదరకూడదు, మిగతా ఆధారాలతో పొసగాలి.

మా పిల్లకు ఆరేళ్లే. అంత చిన్నపిల్ల సాక్ష్యం కోర్టు తీసుకుంటుందా?

చట్టంలో కనీస వయసు అంటూ లేదు. అడిగిన ప్రశ్న అర్థమై, దానికి పొంతన ఉన్న జవాబు చెప్పగలిగితే ఎంత చిన్నవాళ్లయినా సాక్షులే. 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ కేసులో, తల్లి హత్యను చూసిన ఏడేళ్ల పాప సాక్ష్యం గురించి మాట్లాడుతూ సుప్రీంకోర్టు ఇదే మళ్లీ చెప్పింది.

సాక్ష్యం మొదలుపెట్టే ముందు జడ్జి గారే పిల్లతో కాసేపు మాట్లాడతారు. ఆ మాటలు ఇలా సాగుతాయి.

"నీ పేరేందమ్మా?"

పేరు చెబుతుంది.

"ఏ తరగతి?"

"ఒకటో తరగతి."

"ఈరోజు ఎవరితో వచ్చినావు?"

"అమ్మతో, అవ్వతో. బస్సులో వచ్చినాము."

"అబద్ధం చెప్పొచ్చా?"

"చెప్పగూడదు. దేవుడు కండ్లు పోగొడతాడు."

ఈ ప్రశ్నలూ జవాబులూ రికార్డులోకి ఎక్కుతాయి. కింద "సాక్షికి ప్రశ్నలు అర్థమవుతున్నాయి, జవాబులు చెప్పగలదు, నిజం చెప్పాలన్న తెలివిడి ఉంది" అని జడ్జి గారు తన అభిప్రాయం రాస్తారు. దేవుడి మాటే రావాలని లేదు. "అబద్ధం చెబితే అవ్వ కొడుతుంది" అన్నా సరిపోతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోతే, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ఈ ముందు ప్రశ్నలు సరిగా రాయలేదని అప్పీల్లో డిఫెన్స్ (ముద్దాయి పక్షం) వాదిస్తుంది కాబట్టి, ఆ పది నిమిషాలను తేలిగ్గా తీసుకోవద్దని నేను పీపీలకు ఎప్పుడూ చెబుతుంటాను.

"ఇంట్లోవాళ్లు నేర్పించి చెప్పించారు" అంటారు. అది నిజమో కాదో కోర్టు ఎలా కనిపెడుతుంది?

పిల్లల సాక్ష్యం మీద అందరికంటే ముందు వచ్చే అనుమానం ఇదే, అది అన్యాయమైన అనుమానం కూడా కాదు. చిన్నపిల్లలు పెద్దవాళ్లు చెప్పింది నమ్ముతారు, తిరిగి చెబుతారు. అందుకే కోర్టు పిల్ల సాక్ష్యాన్ని జాగ్రత్తగా వడపోయాలని తీర్పులన్నీ అంటాయి.

కోర్టు చూసేది ముఖ్యంగా రెండు. ఒకటి, మాట తీరు. ఆరేళ్ల పిల్ల నోట ఎఫ్‌ఐఆర్‌లోని మాటలు వచ్చాయంటే జడ్జి గారి కలం ఆగుతుంది. రెండు, కొత్తగా చేరిన సంగతులు. పోలీసులకూ మేజిస్ట్రేటుకూ చెప్పని పెద్ద విషయం ఏదో విచారణ రోజున మొదటిసారి బయటికొస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందని డిఫెన్స్ నిలదీస్తుంది. నేర్పిన భాగం వేరుగా, పిల్ల సొంత మాట వేరుగా స్పష్టంగా విడదీయగలిగితే, ఆ సొంత మాటను నమ్మవచ్చు. రెండూ కలిసిపోయి విడదీయలేకుండా ఉంటే మాత్రం మొత్తం దెబ్బతింటుంది.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, నిజంగా జరిగిన కేసుల్లోనే ఈ నష్టం ఎక్కువ. తల్లిదండ్రులకు భయం. పిల్ల సరిగా చెప్పదేమో, తడబడుతుందేమో అని రోజూ రాత్రి కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటారు. ఫిర్యాదు రాసిపెట్టే మనిషి తన భాషలో నాలుగు మాటలు బరువుగా కలుపుతాడు. అంత చేశాక క్రాస్‌లో "పాపా, ఇంట్లో నీకు ఏం చెప్పాలో చెప్పినారా?" అని అడిగితే పిల్ల అమాయకంగా "ఆ, రోజూ చెప్పినారు" అంటుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పమని అమ్మ చెప్పింది" అంటే దానివల్ల ఏ నష్టమూ లేదు. ఏం చెప్పాలో చెప్పారంటేనే చిక్కు.

కాబట్టి పిల్ల మొదటిసారి చెప్పినప్పుడు మధ్యలో పేర్లు అందించకండి. "వాడేనా? ఇట్లా చేసినాడా?" అని అడగొద్దు. "ఊ, తర్వాత ఏమైంది?" అంటే చాలు. ఒక్కసారి వినండి. అత్తకూ పిన్నమ్మకూ పక్కింటివాళ్లకూ మళ్లీ మళ్లీ చెప్పించకండి. ఫోన్లో వీడియో తీసి బంధువులకు పంపకండి. పోక్సో చట్టం ప్రకారం పోలీసు అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ పిల్ల ఎలా చెప్పిందో అలాగే వాంగ్మూలం రాయాలి. పిల్ల "పొద్దుగూకినాక" అంటే "సాయంత్రం ఆరున్నర గంటల సమయంలో" అని మార్చి రాయమని మీరు అడగకండి, ఎవరైనా రాస్తుంటే పిల్ల అన్నమాటే ఉంచమని చెప్పండి.

మరి మాకు పిల్ల చెప్పిన మాటకు కోర్టులో విలువ లేదా?

ఉంది, చాలా ఉంది. రాజస్థాన్‌లో చిన్నపాప మీద జరిగిన అత్యాచారం కేసు 1951 చివర్లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. సంఘటన జరిగిన కొన్ని గంటల్లోనే పాప తల్లికి చెప్పిన మాటను, పాప సాక్ష్యానికి ఊతంగా కోర్టు స్వీకరించింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. తల్లి చూడలేదు కాబట్టి ఆమె సాక్ష్యం పనికిరాదనేవాళ్ల మాట నమ్మకండి. పిల్ల ఎప్పుడు చెప్పింది, ఏ స్థితిలో ఉంది, ఏ మాటల్లో చెప్పింది అన్నవి మీరు చెప్పాల్సిన సాక్ష్యం. మీరు చూడనిది చూసినట్టు మాత్రం చెప్పొద్దు. అక్కడే తల్లుల సాక్ష్యం కూలిపోతుంది.

పిల్ల తేదీ చెప్పలేకపోతోంది. పోలీసుల దగ్గర ఒకటి, కోర్టులో ఒకటి చెప్పింది. కేసు పోయినట్టేనా?

ఏది మారిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 1983లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో ఎంతో అర్థం చేసుకుని రాసింది. మనసులో సంఘటన వీడియో టేపులా రికార్డు కాదు, సమయం అడిగితే సాక్షి అంచనాగా చెబుతాడు, కోర్టు వాతావరణానికి బెదిరి కొన్ని తడబడతాడు. చొక్కా రంగు, గంట, ఎంతసేపు, ఇలాంటి వాటిలో తేడాలు వస్తే నిజం చెప్పే సాక్షికీ వస్తాయి. ముద్దాయి ఎవరు, ఏం చేశాడు, ఎక్కడ జరిగింది అన్న అసలు సంగతులు మారితే మాత్రం కోర్టు ఆగి ఆలోచిస్తుంది.

మన పల్లెల్లో పిల్లలకు క్యాలెండరు తేదీలతో పని లేదు. దసరాకు దేవరగట్టు పోయొచ్చిన మరుసటి దినం అని చెబుతారు, ఉరుసు ముందు అంటారు, అమ్మ మిరపకోతకు పోయినప్పుడు అంటారు. ఇవి తేదీ కంటే గట్టివి. దర్యాప్తు అధికారి ఆ పండుగను పట్టుకుని తేదీ నిర్ధారించవచ్చు. తేదీ ఒకటి మనమే లెక్కగట్టి పిల్ల నోట్లో పెడితే, ఆ తేదీన ముద్దాయి ఊళ్లో లేడని డిఫెన్స్ ఒక కాగితం చూపించిందనుకోండి, ఆ దెబ్బ నిజం చెప్పిన పిల్ల మీద పడుతుంది.

మేము కూలికి గుంటూరు పోయినాము. తిరిగొచ్చినాక తెలిసింది. ఆలస్యంగా ఫిర్యాదు ఇస్తే నమ్మరేమో?

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు పత్తికీ మిరపకూ గుంటూరు జిల్లాకు వలస పోతాయో కోర్టుకూ తెలుసు. పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి పోవడమూ తెలుసు. లైంగిక నేరాల్లో ఫిర్యాదు ఆలస్యమవడాన్ని మామూలు కొట్లాట కేసులో ఆలస్యంలాగా చూడకూడదని సుప్రీంకోర్టు పలుమార్లు అంది. పరువు భయం, బెదిరింపు, ఎవరికి చెప్పాలో తెలియకపోవడం, ఇవన్నీ కారణాలే.

ఆలస్యం అయిందన్నది ఒక్కటే ఉంటే కేసు పోదు. ఆలస్యానికి కారణం ఫిర్యాదులో రాయకపోతేనే ఇబ్బంది. "ఫలానా నెలలో గుంటూరు పోయాం, ఫలానా పండుగకు తిరిగొచ్చాం, పిల్ల అన్నం తినకపోతుంటే అడిగితే చెప్పింది" అని ఉన్నది రాయండి. ఇంకో మాట. గుంటూరులోనే తెలిస్తే ఊరికి తిరిగొచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ పోలీస్ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, వాళ్లే ఇక్కడికి పంపుతారు. రాత్రయినా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

డాక్టరు రిపోర్టులో గాయాలు లేవని రాశారు. ఇంకేం మిగిలింది?

గాయాలు లేవంటే ఏమీ జరగలేదని అర్థం కాదు. పోక్సో చట్టంలోని చాలా నేరాలు తాకడంతోనే పూర్తవుతాయి, వాటికి ఒంటి మీద గుర్తేమీ మిగలదు. మిగతా వాటిలోనూ రోజులు గడిస్తే గుర్తులు మాసిపోతాయి. బట్టల మీదుగా తాకితే లైంగిక దాడి కిందకు రాదని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి చెప్పిన తీర్పును 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చూడాల్సింది తాకినవాడి లైంగిక ఉద్దేశం అని తేల్చింది.

రిపోర్టు పిల్ల మాటకు ఊతం ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే కోర్టు మళ్లీ పిల్ల సాక్ష్యం దగ్గరకే వస్తుంది. కానీ పిల్ల తీవ్రమైన గాయాల గురించి చెప్పి, అదే రోజు చేసిన పరీక్షలో ఒక్కటీ కనిపించకపోతే డిఫెన్స్ ఆ తేడాను వదలదు. జడ్జి గారూ దాన్ని తూచాల్సిందే.

ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లిదండ్రుల్లో ఒకరు గానీ పిల్ల నమ్మే మరొకరు గానీ పక్కన ఉండొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాకముందే ఆసుపత్రికి వెళ్లినా వైద్యం చెయ్యాల్సిందే, ఉచితంగా చెయ్యాల్సిందే. రెండు వేళ్ల పరీక్ష అనే అవమానకరమైన పద్ధతిని 2013లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31న జార్ఖండ్ కేసులో, ఇకమీదట ఆ పరీక్ష చేసినవాళ్లది దుష్ప్రవర్తన అవుతుందని చెప్పింది. అలా ఎవరైనా చెయ్యబోతే వద్దనండి.

బట్టలు ఉతికేశాము. పిల్లకు స్నానం చేయించాము.

ఏ తల్లి అయినా ముందు చేసేది అదే. అందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, కోర్టు కూడా తప్పుపట్టదు. ఉతికారన్న సంగతి దాచకుండా చెప్పండి, అంతే. ఉతకకుండా ఉంటే మాత్రం ఆ బట్టలను నీడలో ఆరనిచ్చి కాగితపు కవరులో పెట్టి పోలీసులకు ఇవ్వండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు పాడవుతాయి.

బట్టలు, శాంపిళ్లు ఆసుపత్రి నుంచి స్టేషనుకు, అక్కడినుంచి ఫోరెన్సిక్ ల్యాబుకు ఎవరి చేతుల మీదుగా పోయాయి, సీలు ఎవరు వేశారు, మధ్యలో ఎన్ని రోజులు ఎక్కడ ఉన్నాయి అన్నది కోర్టు చూస్తుంది. ఈ వరుసలో ఒక లింకు తెగితే డీఎన్‌ఏ సరిపోయినా అనుమానం పుడుతుంది. డీఎన్‌ఏ రిపోర్టే లేని కేసుల్లో కూడా శిక్షలు పడ్డాయి, అది గుర్తుంచుకోండి.

వాడి ఫోన్లో ఫొటోలు ఉన్నాయి. మా ఫోనుకు పంపించుకోవచ్చా?

వద్దే వద్దు. పిల్లల అశ్లీల ఫొటోలు, వీడియోలు ఇంకొకరికి పంపడం దానంతట అదే నేరం. రుజువు కోసం పంపామన్నా చిక్కుల్లో పడతారు. మీ పిల్ల ఫోనుకు వచ్చిన మెసేజీలుంటే చెరిపేయకుండా ఫోనునే పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి. ఎలక్ట్రానిక్ కాపీ కోర్టులో చెల్లాలంటే దానికి సర్టిఫికెట్ ఉండాలి. పాత చట్టంలో 65బీ అనేవాళ్లు, ఇప్పుడు అది కొత్త సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. సర్టిఫికెట్ లేని స్క్రీన్‌షాట్ ప్రింటు విచారణలో కాగితం ముక్కగానే మిగిలిపోతుంది.

వయసు గురించి ఇంత గొడవ ఎందుకు? చూస్తేనే చిన్నపిల్లని తెలుస్తోంది కదా?

పద్దెనిమిది నిండలేదని రుజువైతేనే అది పోక్సో కేసు. పద్దెనిమిదిలోపు పిల్ల ఒప్పుకుందన్న వాదనకు చట్టంలో చోటు లేదు. అందుకే పదహారు, పదిహేడేళ్ల పిల్లల కేసుల్లో, ముఖ్యంగా ఇష్టపడి వెళ్లిపోయారని చెప్పే కేసుల్లో, పోరాటమంతా వయసు మీదే జరుగుతుంది. పూర్తిగా రుజువు కాని వయసు వల్ల కొట్టేసిన కేసులు కొల్లలు.

జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 వరస చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. 2023లో ఒక తమిళనాడు కేసులో బడి టీసీ, అడ్మిషన్ రిజిస్టరు నకలు మాత్రమే పెడితే అవి ఈ సెక్షన్ అడిగే పత్రాలు కావని సుప్రీంకోర్టు అంది, శిక్ష నిలవలేదు.

మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు జూన్ నెల తేదీ ఒకటి వేసేయడం అలవాటు. అలా వేసిన తేదీని తర్వాత హెడ్మాస్టరు కోర్టులో నిలబెట్టలేకపోతారు. పిల్ల ఆసుపత్రిలో పుట్టి ఉంటే జనన ధ్రువపత్రం వెంటనే తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. ఎముకల పరీక్షలో ఒకటి రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉంటుంది. సరిహద్దు వయసులో ఆ తేడా ఎక్కువగా ముద్దాయికే లాభిస్తుంది.

మగపిల్లాడికి జరిగితే?

పోక్సో చట్టానికి ఆడ, మగ తేడా లేదు. సాక్ష్యం తూచే పద్ధతీ ఒక్కటే. మగపిల్లలు ఎక్కువకాలం దాచుకుంటారు కాబట్టి ఆలస్యం గురించి చెప్పిన మాటలు ఇక్కడ ఇంకా బాగా వర్తిస్తాయి.

మేజిస్ట్రేటు ముందు అంతా చెప్పింది. మళ్లీ కోర్టులో ఎందుకు చెప్పాలి?

అందరూ "164 స్టేట్‌మెంట్" అనే ఆ వాంగ్మూలం ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద జరుగుతుంది. దానికి బరువుంది. కానీ అది ముద్దాయి తరఫు లాయరు ప్రశ్నించే అవకాశం లేకుండా రాసింది. అందువల్ల దాని ఆధారంతో మాత్రమే శిక్ష వెయ్యరు. పిల్ల విచారణలో చెప్పేదే అసలు సాక్ష్యం. పాత వాంగ్మూలం దానికి ఊతంగా నిలుస్తుంది, లేదా తేడా చూపడానికి ఉపయోగపడుతుంది.

పోక్సోలో నేరం చెయ్యలేదని ముద్దాయే రుజువు చేసుకోవాలట. మరి మనం నిరూపించేదేముంది?

సెక్షన్ 29 గురించి ఇలా సగం విని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువ. తీవ్రమైన నేరాల్లో ముద్దాయి నేరం చేశాడని కోర్టు ఊహించాలని ఆ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ ఆ ఊహ గాల్లోంచి పుట్టదు. బాధితురాలు మైనరని, సంఘటన జరిగిందని, అది ముద్దాయే చేశాడని చూపే ప్రాథమిక విషయాలను ప్రాసిక్యూషన్ ముందు నిలబెట్టాలని హైకోర్టులు వరసగా చెబుతున్నాయి. ఆ తర్వాతే భారం ముద్దాయి మీదికి మళ్లుతుంది. ముద్దాయి తన సాక్షులను తేవొచ్చు, లేదా మన సాక్షుల క్రాస్‌లోనే ఆ ఊహను పడగొట్టవచ్చు.

ముద్దాయికీ లాయరు ఉండాలి, కాగితాలన్నీ అందాలి, ప్రశ్నించే హక్కు ఉండాలి. బాధిత పిల్లల వైపు నిలబడే నేను ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇరవై ఏళ్లు, జీవితాంతం, చివరికి మరణశిక్ష దాకా వెళ్లే చట్టమిది. నిర్దోషి జైలుకు పోతే అసలు చేసినవాడు అదే వీధిలో తిరుగుతుంటాడు.

కక్షతో పెట్టిన కేసని అంటున్నారు. మాకూ వాళ్లకూ పొలం తగాదా ఉన్నమాట నిజమే.

దాచకండి. తగాదా ఉందని తెలిసినంత మాత్రాన కోర్టు కేసు కొట్టేయదు. ఆ పగతోనే వాడు పిల్ల జోలికి వచ్చి ఉండొచ్చు, ఆ పగతోనే మీరు కేసు పెట్టి ఉండొచ్చు. కోర్టు రెండూ ఆలోచిస్తుంది. సొంత బిడ్డ పేరును వీధిలో పెట్టి ఎవరైనా పొలం గట్టు కోసం అబద్ధం చెబుతారా అన్న ప్రశ్న తీర్పుల్లో తరచుగా కనిపిస్తుంది. చెప్పేవాళ్లూ ఉంటారని కోర్టుకు తెలుసు. తగాదా లేదని బొంకి, డిఫెన్స్ సివిల్ దావా కాగితం చూపించినప్పుడు దొరికిపోతే, మిగతా నిజాలకూ విలువ తగ్గుతుంది.

కేవలం అవమానించడానికో, బెదిరించి డబ్బు గుంజడానికో తప్పుడు కేసు పెడితే పెద్దవాళ్లకు సెక్షన్ 22 కింద శిక్ష ఉంది, పిల్లకు లేదు. రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది తప్పుడు కేసు అయిపోదు.

పెద్దమనుషులు రాజీ చేస్తామంటున్నారు. డబ్బులిస్తారట. పిల్ల పెళ్లి కావాలి కదా అంటున్నారు.

ఈ కేసు మీకూ వాడికీ మధ్య నడిచేది కాదు, ప్రభుత్వం నడిపేది. రాజీకి చట్టంలో చోటు లేదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద పెట్టిన కేసును, పిల్ల తండ్రి రాజీ పడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి కేసు నడపమంది. విషయం తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. పంచాయితీ చేసిన పెద్దమనుషులకూ అది వర్తిస్తుంది.

రాజీ పడ్డాక జరిగేది ఒకటే. పిల్లను బోనెక్కించి "నాకేమీ తెలియదు" అనిపిస్తారు. పీపీ ఆమెను మాట మార్చిన సాక్షిగా, అంటే హోస్టైల్‌గా ప్రకటించి, మేజిస్ట్రేటు ముందు చెప్పిన మాటలు ఒక్కొక్కటీ చదివి అడుగుతారు. తనకు జరిగింది జరగలేదని ఆ బిడ్డ అందరి ముందూ చెప్పాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద శిక్ష ఆ పిల్లకు ఇంకోటి ఉండదని నేను చూసి చెబుతున్నాను. హోస్టైల్ అయిన సాక్షి మాటంతా కొట్టుకుపోదు, నమ్మదగిన భాగాన్ని కోర్టు తీసుకోవచ్చు. డీఎన్‌ఏ లాంటి గట్టి ఆధారం ఉంటే శిక్షా పడవచ్చు. అయినా ఎక్కువ కేసులు అక్కడే కుప్పకూలుతాయి.

బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం 2018 నుంచి ఉంది, దరఖాస్తు పెట్టుకోవచ్చు. డబ్బు అవసరమే రాజీకి కారణమైతే, ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం కోసం ప్రత్యేక కోర్టును అడగొచ్చు.

కోర్టులో వాణ్ని ఎదురుగా చూడాలా? లాయరు అరుస్తాడా?

చూడనక్కర్లేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు ముద్దాయి పిల్లకు కనిపించకుండా తెరో, అద్దమో, వీడియోనో ఏర్పాటు చెయ్యాలి. తలుపులు మూసి విచారణ చేస్తారు. అమ్మో నాన్నో, లేదా పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండొచ్చు. లాయర్లు ప్రశ్నలు జడ్జి గారికి ఇస్తే, ఆయన పిల్లను అడగాలని చట్టం. దబాయించడం, పిల్ల నడవడి గురించి మాట్లాడడం కుదరదు. మధ్యలో విరామం అడగొచ్చు. పదే పదే పిలిపించకూడదు కూడా. మళ్లీ క్రాస్ చేస్తామని వేసిన పిటిషన్‌ను 2024లో ఒక ఒడిశా కేసులో సుప్రీంకోర్టు ఈ కారణంతోనే ఒప్పుకోలేదు.

ఆదోని వైపు కన్నడం, పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలున్నారు. పిల్లకు ఏ భాషలో మాట సులువుగా వస్తుందో ముందే చెప్పండి. దుబాసీని పెట్టాల్సిన బాధ్యత కోర్టుది.

బోనులో ఏడ్చి ఒక్క మాటా మాట్లాడలేకపోతే?

1986లో రాజస్థాన్‌లో జరిగిన సంఘటనలో సరిగ్గా ఇదే జరిగింది. పాప ఏడుస్తూ నిలబడింది, ఏమడిగినా మాట రాలేదు. హైకోర్టు ముద్దాయిని వదిలేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి శిక్షను నిలబెట్టింది. ఆ పిల్ల మౌనం భయం నుంచి పుట్టింది, దాన్ని ముద్దాయికి అనుకూలంగా లెక్కవేయకూడదని చెప్పింది. అక్కడ వైద్య సాక్ష్యం, పరిస్థితుల సాక్ష్యం బలంగా ఉన్నాయి, వాటి మీద శిక్ష నిలబడింది. అందుకే పిల్ల మాటతో పాటు మిగతా ఆధారాలన్నీ మొదట్నుంచీ పోగుచేసుకోవాలని పోలీసుల వెంట పడతాం.

ఎంతకాలం పడుతుంది?

దర్యాప్తుకు రెండు నెలలు, పిల్ల సాక్ష్యం ముప్పై రోజుల్లో, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో అని చట్టం. వాయిదాలు అంతకన్నా ఎక్కువే పడతాయి. పిల్ల సాక్ష్యం మాత్రం తొందరగా పెట్టమని ప్రతి వాయిదాకూ పీపీని అడగండి. పిల్ల మరిచిపోవాలని మనం కోరుకుంటాం, కోర్టు గుర్తుంచుకోమంటుంది. ఈ రెంటి మధ్య కాలం పెరిగేకొద్దీ నలిగేది పిల్లే.

కేసు కొట్టేస్తే ఇక అంతేనా?

కాదు. తీర్పు మీద హైకోర్టులో అప్పీలు వేసే హక్కు బాధితులకూ ఉంది, ప్రభుత్వం వెయ్యకపోయినా మీరు వెయ్యొచ్చు. ముందు తీర్పు నకలు తీసుకుని, ఏ కారణంతో కొట్టేశారో ఒక న్యాయవాది చేత చదివించుకోండి. వయసు పత్రం సరిపోలేదనా, పిల్ల మాట నమ్మలేదనా, సీలు తేడా వచ్చిందనా అన్నదాన్ని బట్టి అప్పీలు బలం ఉంటుంది. అమరావతి దాకా లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకూ పిల్లలకూ ఉచిత న్యాయసహాయం ఉంది. కర్నూలులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, లేదా న్యాయసహాయ నంబరు 15100కి ఫోన్ చెయ్యండి. ముద్దాయిని వదిలేసినా, పిల్లకు నష్టం జరిగిందని కోర్టు నమ్మితే పరిహారం ఇప్పించవచ్చు. దానికి దరఖాస్తు పెట్టడం మరవకండి.